సంతోషాన్ని బీరువాలో పెట్టు విధానం

కావలసినవి: తాళం పడే బీరువా ఒకటి, అద్దాల షోకేసు ఒకటి, కలరా ఉండలు గుప్పెడు, "ఇప్పుడెందుకులే" అనే మాట తగినంత.

ముందుగా, ఇంట్లోకి వచ్చిన ఏ కొత్త వస్తువుకీ ఒంటిమీది ప్లాస్టిక్ ఒలవకండి. టీవీ రిమోట్‌ని పాలిథిన్ కవర్లో దూర్చి రబ్బరు బ్యాండు చుట్టండి. రెండు నెలల్లో కవరు మసకబారి అంకెలు కనబడవు. సీరియల్ అనుకుని నొక్కితే వార్తలొస్తాయి. రానివ్వండి. పదేళ్లకి టీవీ పాడై పాత సామాన్ల అబ్బాయికి వేసేసేటప్పుడు, రిమోట్ ఎంత కొత్తగా ఉందో అని అతనైనా ముచ్చటపడతాడు.

షోకేసులోని పూల కప్పులు చుట్టాలకి. చుట్టాలొస్తే మాత్రం, మనవాళ్లేగా, స్టీలు గ్లాసుల్లో ఇచ్చేయండి. ఆ కప్పుల్లో కాఫీ తాగాల్సిన మహానుభావుడెవరో 19 ఏళ్లయినా మా గుమ్మం తొక్కలేదు.

పట్టుచీర మంచి ఫంక్షన్‌కి ఉంచండి. మడతల దగ్గర దానంతటదే చిట్లుతుంది. కట్టి చింపిందన్న మాట మీకు రాదు.

ఇక మామిడిపండ్లు. ఈ విద్యలో ఇదే నాకు బాగా వచ్చిన పాఠం, కాస్త ఓపిగ్గా వినండి. మే నెలలో నూజివీడు చిన్నరసాల బుట్ట ఇంటికొస్తుంది. గడ్డి తప్పించగానే వాసన వీధిదాకా పోతుంది. పైన పచ్చగా, నిండుగా ఓ పండు కనబడుతుంది. దాని జోలికి పోకండి. అడుగుదాకా చెయ్యిపెట్టి, మచ్చపడ్డదాన్ని వెతికి తీయండి. మచ్చ మేరకు చాకుతో చెక్కేసి, మిగిలింది చీకండి. పాడైపోయేది ముందు అవగొట్టాలి కదా! రేపటికి ఇవాళ్టి మంచిపండు మీద మచ్చ వస్తుంది. రేపు అది తినండి. ఎల్లుండి ఇంకోటి. సైన్సు కూడా మన పక్షమే: మాగిన పండు నుంచి ఇథిలీన్ అనే వాయువు వచ్చి పక్క పండ్లని కూడా తొందరపెడుతుందట. మనం ఆగినా అవి ఆగవు. ఆ విధంగా బుట్టెడు మంచిపండ్లు కొని, ఒక్క మంచిపండూ తినకుండా సీజను గట్టెక్కవచ్చు.

ఈ లెక్క మా అమ్మది. ఒక జీతం, ఆరు కంచాలు ఉన్న ఇంట్లో పండు పారేయడం అంటే పాపమే. అప్పుడది లెక్కే. ఇప్పుడు నాది ఇద్దరుండే ఇల్లు, అందులో రెండు తలుపుల ఫ్రిజ్. చాకు పట్టుకుని మచ్చలు చెక్కుతూ, ఏ కరువొస్తుందని కూర్చున్నానో నాకే తెలియదు.

సెలవులు వాడకండి, పోగేయండి. సర్కారు కూడా ఈ విద్యని మెచ్చి, ఉద్యోగులు వాడుకోని ఆర్జిత సెలవులకి 300 రోజుల దాకా రిటైరైన నాడు డబ్బు కడుతుంది. ఆ డబ్బుతో మోకాళ్లు మార్పించుకుని ఊటీ వెళ్లవచ్చు.

ఆదివారం అటక దులపండి.

అన్నిటికన్నా ముఖ్యం, పొరపాటున సంతోషం కలిగితే పైకి చెప్పకండి. దిష్టి. ఎవరైనా "ఎలా ఉన్నారండీ?" అంటే "ఏదో, ఇలా" అనండి. ప్రపంచ సంతోష నివేదికవాళ్లు సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన ఊహించుకోమని, ఎన్నో మెట్టు మీదున్నారో చెప్పమంటారు. 2025 జాబితాలో ఫిన్లాండ్ మొదటిది, మనది 118. ఎనిమిదో మెట్టు మీదున్నా "నాలుగండీ, ఏదో దేవుడి దయ" అనే జనం మనం. ఫిన్లాండ్‌లో ఎండుమిరపకాయలు దిగదుడిచే అలవాటు లేదేమో. అలా అనుకుంటే కాస్త ఊరట. మనవాళ్లు చాలామంది నిజంగానే నాలుగో మెట్టు మీద ఉండి ఉంటారన్న సంగతి ఆ ఊరటలో పడి మరిచిపోతుంటాను.

మొన్న బుట్ట వచ్చింది. ఈసారి తెగించాను. పైనున్న మంచిపండే తీసి, కడిగి, మెత్తగా నొక్కుతున్నాను. మా ఆయన వంటింట్లోకి వచ్చి, "అదేంటి, ఇక్కడ మచ్చది ఉందిగా" అన్నారు.

"ఉండనీండి," అన్నాను.

తొడిమ దగ్గర కొరికి రసం పీల్చాను. తేనే అది. కానీ టెంక తెల్లబడేదాకా నా చూపు ఆ మచ్చదాని మీదే ఉంది.