ఏడు మెట్ల సెక్రటరీ గారు

బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో షిఫ్టు వదిలే వేళ, టీ కొట్టు దగ్గర చంకలో ఫైలు, మెడలో ఈల, కాళ్లకు ఆఫీసు బూట్లు ఉన్న పెద్దమనిషి కనిపిస్తే ఆయన కోచ్ కాదు, రిఫరీ కాదు, ఎల్‌ఐసీ ఏజెంటు అసలే కాదు. ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రటరీ. బెంగళూరులో ఈ జాతి పాతది. ఆస్టిన్ టౌన్‌లోనూ, పెలే విగ్రహం పెట్టుకున్న గౌతమపురలోనూ, ప్రభుత్వ ఫ్యాక్టరీల క్వార్టర్ల చుట్టుపక్కలా విరివిగా ఉండేది. అద్దెలు పెరిగి, పిల్లలు ఫ్లాట్లు కొని, ఇప్పుడు హోసూరు రోడ్డు వెంబడి ఇటుకేసి జరుగుతోంది. క్లబ్బుకి ప్రెసిడెంట్లు ఎన్నికల ముందొకరు, తర్వాతొకరు వస్తారు. ఆటగాళ్లు ఉద్యోగం మారితే పోతారు. సెక్రటరీ ఎక్కడికీ పోడు. రాజీనామా చాలాసార్లు ఇచ్చే ఉంటాడు. కానీ రాజీనామా అందుకోవలసినది సెక్రటరీయే కావడంతో అది ఏనాడూ ఆమోదం పొందలేదు.

మా బొమ్మసంద్ర సెక్రటరీ గారిది ఆనేకల్ వైపు తెలుగు. క్లబ్బు జిల్లా లీగులో సి డివిజన్. మైదానం అంటే ఇంకా ఫ్యాక్టరీ లేవని ఒక ఖాళీ జాగా. జట్టులో కడప సూపర్‌వైజరొకడు, ఒడిశా వెల్డర్లిద్దరు, మణిపూర్ నుంచి వచ్చి గేటు దగ్గర కాపలా కాసే కుర్రాడొకడు, ఆస్పత్రిలో పనిచేసే మలయాళీ నర్సొకడు. జెర్సీలు సెక్రటరీ గారింట్లో దేవుడి గది అటక మీద, బంతులు మంచం కింద. వాళ్లావిడని కదిపితే ఒకటే మాట: “ఈ ఇంట్లో నేనూ సి డివిజనే నాయనా.”

సెక్రటరీ గారికి ఆటకన్నా ప్రొటెస్ట్ ఇష్టం. అవతలి జట్టులో అర్హత లేనివాడు ఆడాడని రుసుం కట్టి రాసిచ్చే ఫిర్యాదు ఉంటుందే, అది. ఆ కాగితాలు సీజన్ మొదట్లోనే టైపు చేయించి, తేదీ, జట్టు పేరు, దోషి పేరు ఉండేచోట గీతలు గీయించి పెట్టుకుంటారు. ఓడిపోయిన రోజు గీతలు నింపడమే మిగిలిన పని. 2025లో ఐ-లీగ్ విజేత ఎవరన్న తగువు అర్హత లేని ఆటగాడి దగ్గర మొదలై స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం దాకా పోయి, ఇంటర్ కాశీయే విజేత అని తీర్పొచ్చింది కదా, ఆ రోజు ఈయన టీ కొట్టులో అందరికీ మైసూర్ పాక్ పంచారు. ఇంటర్ కాశీ మీద అభిమానం ఏమీ లేదు. ప్రొటెస్ట్ గెలిచింది, అదీ సంతోషం.

ఇలాంటి మనిషి దగ్గరికి ఒక సాయంత్రం కడప సూపర్‌వైజరు వచ్చి, “సార్, మన క్లబ్బు కూడా పిరమిడ్‌లో పైకి పోవాల సార్” అన్నాడు. పిరమిడ్ అంటే జిల్లా లీగు నుంచి దేశపు పై లీగు దాకా, గెలిచినవాళ్లు ఎక్కే, ఓడినవాళ్లు దిగే వరస. కొత్తగా పెళ్లయినవాడు, ఆశలెక్కువ.

సెక్రటరీ గారు గ్లాసు కింద పెట్టారు. “1937లో రోవర్స్ కప్పు ఎవరు గెలిచినారో చెప్పప్పా.”

ఈ ప్రశ్న బొమ్మసంద్రలో అందరికీ నోటికొచ్చు. 1891లో బొంబాయిలో మొదలైన ఆ కప్పును ఏళ్ల తరబడి బ్రిటిష్ పటాలాలు పంచుకుంటూ ఉంటే, 1937లో బెంగళూరు ముస్లిమ్స్ క్లబ్బు తన్నుకొచ్చింది. మరుసటేడు మళ్లీ గెలిచింది, 1948లో ఇంకోసారి. సెక్రటరీ గారు దీన్ని “మనం గెలిచినాం” అని చెప్తారు. అప్పటికి ఆయనా పుట్టలేదు, ఆయన క్లబ్బూ పుట్టలేదు.

“తర్వాత మీ తట్టు చూడు. హైదరాబాద్ సిటీ పోలీసు, రహీం సాబ్ కోచింగు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు. అదే రహీం సాబ్ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనల్ని సెమీఫైనల్ దాకా తీసుకుపోయినాడు, 62లో ఏషియన్ గేమ్స్ బంగారం. అప్పుడు పిరమిడ్ ఉండిందా? డ్యూటీ చేసుకునే పోలీసోళ్లప్పా వాళ్లు!”

“అవి కప్పులు కదా సార్. ఇది లీగు,” అన్నాడు సూపర్‌వైజరు.

“సరే, లీగే లెక్కపెడదాం.” సెక్రటరీ గారు వేళ్లు ముడిచారు. సి నుంచి బి. బి నుంచి ఏ. ఏ నుంచి సూపర్ డివిజన్. అక్కడ బాగా ఆడితే రాష్ట్రం పంపిస్తే ఐ-లీగ్ 3. అట్నుంచి ఐ-లీగ్ 2. తర్వాత ఐ-లీగ్. ఆ పైన ఐఎస్‌ఎల్. “ఏడు మెట్లు. ఏటా ఒకటి, తప్పకుండా, ఒక్కసారీ జారకుండా ఎక్కితే ఏడేళ్లు. ఏలినాటి శని ఏడున్నరేళ్లు. అది దాటినోణ్ణి, ఇది నావల్ల కాదు.”

ఇందులో ఆయన గమనించని విషయం ఒకటుంది. ఆయన బతుకంతా పిరమిడ్‌లోనే గడిచింది. బెంగళూరు జిల్లా లీగులో సి, బి, ఏ, సూపర్ అని మెట్లు, ఎక్కడం, దిగడం ఎప్పటినుంచో ఉన్నవే. కానీ తన కాళ్లు అలవాటుపడ్డ మెట్లు మెట్లు, ఎవడో పైనుంచి వేసినవి పిరమిడ్. అంతెందుకు, వాళ్ల క్లబ్బు ఒకప్పుడు ఏలో ఉండేది. అక్కణ్ణుంచి బికి, బి నుంచి సికి దిగడాన్ని ఆయన “మకాం మార్చినాం” అంటారు.

మలయాళీ నర్సు నైట్ డ్యూటీకి పోతూ ఒక చెయ్యి వేశాడు. వాడి అభిమాన క్లబ్బు గోకులం కేరళ. గోకులం గాయం సంగతి తెలిసినవాళ్లు వాడి ముందు ఐ-లీగ్ మాటెత్తరు. 2021లో ఐ-లీగ్ గెలిచారు, 2022లో మళ్లీ గెలిచారు, రెండుసార్లూ పైకి దారి లేదన్నారు. ఆ మరుసటేడు గెలిచిన పంజాబ్‌ని మాత్రం ఐఎస్‌ఎల్ లోపలికి రానిచ్చారు, ఆ తర్వాతి ఏడు మొహమ్మదన్ స్పోర్టింగ్‌ని. గోకులం పెళ్లికి ముందొచ్చి ఆకలితో పోయిన చుట్టం. అయినా నర్సు పిరమిడ్ పక్షమే. దెబ్బ తిన్నవాడికే మెట్టు విలువ తెలుస్తుందేమో.

“గోవా వాళ్లని చూడు,” అన్నారు సెక్రటరీ గారు. డెంపో, సాల్గావ్‌కర్, స్పోర్టింగ్ గోవా ఆయన దృష్టిలో త్రిమూర్తులు. ఐఎస్‌ఎల్‌ని పైనెక్కించి ఐ-లీగ్‌ని కిందికి నెడతామన్న ప్రణాళిక వచ్చినప్పుడు, 2016లో, మీ లీగూ వద్దు మీరూ వద్దని తప్పుకున్నారు. డెంపో అంటే చిన్న క్లబ్బా? జాతీయ లీగు ఐదుసార్లు గెలిచినది. “మీసం అంటే అదీ!”

“డెంపో తిరిగొచ్చింది సార్,” అన్నాడు నర్సు మెల్లిగా. “మూడో అంతస్తు నుంచి మొదలెట్టి, 2024లో ఐ-లీగ్‌కి ఎక్కింది.”

సెక్రటరీ గారు కాసేపు మీసం మాట ఎత్తలేదు.

ఇంగ్లండులోనూ ఇదే కథ నడిచింది. 1889లో పుట్టిన నార్తర్న్ లీగు తన మానాన తాను బతుకుతూ, 1979 నుంచీ ఎంత పిలిచినా పిరమిడ్‌లోకి రానంది. చివరికి 1991లో వచ్చింది. ఈలోగా చుట్టూ లీగులు ఎదిగి, ఒకప్పటి పెద్దింటికి వరసలో వెనక చోటు దొరికింది. నేను ఇది చెప్తే సెక్రటరీ గారు సగమే విన్నారు. ఆ లీగులోని వెస్ట్ ఆక్లండ్ అనే బొగ్గుగని ఊరి జట్టు 1911లో ఇటలీ వెళ్లి యువెంటస్‌ని 6-1తో కొట్టిందన్న సగం. “చూసినావా? యువెంటస్‌ని! పిరమిడ్ లేకుండా!” ఇప్పుడు అది కూడా “మనం గెలిచినాం” జాబితాలో చేరింది.

సూపర్‌వైజరు పట్టు వదలలేదు. పై లీగుల లైసెన్సు నిబంధనలు చూసి, క్రీడ, సదుపాయాలు, సిబ్బంది, చట్టం, డబ్బు అని ఐదు భాగాలతో సరదాకి ఒక ఫారం తయారుచేసి తెచ్చి నింపమన్నాడు. సెక్రటరీ గారు కాగితం కనిపిస్తే ఆగలేరు. నింపిన ఫారం నేను చూశాను. హెడ్ కోచ్ లైసెన్సు: తన డ్రైవింగ్ లైసెన్సు జిరాక్సు. వైద్య సదుపాయం: “నారాయణ హృదయాలయ ఇదే ఊళ్లో కలదు.” ఫ్లడ్‌లైట్లు: “పక్క ఫ్యాక్టరీవి, రాత్రి షిఫ్టు ఉన్న దినములలో.” ప్రేక్షకుల సీట్లు: “నిలబడి చూచెదరు. ద్విచక్ర వాహనములపై కూర్చొనియు చూచెదరు.” యువజన శిక్షణ: “మనవడు.” ఆర్థిక స్థితి దగ్గర మాత్రం ఆయన ఏమీ రాయలేదు. అక్కడ పెన్ను ఆనించిన చుక్క ఒకటుంది.

ఆ చుక్క దగ్గర నవ్వు ఆపి చెప్పాల్సిన మాట ఉంది. ఈయన భయం ఒట్టి చాదస్తం కాదు. హెచ్‌ఏఎల్ లాంటి ఫ్యాక్టరీ జట్టే 2010లో ఐ-లీగ్‌కి ఎక్కి రెండు సీజన్లలో దిగిపోయింది. ఎస్‌సీ బెంగళూరు 2024లో ఐ-లీగ్ 2 గెలిచి పైకి పోయి, ఏడాది తిరిగేసరికి కిందికొచ్చింది. కిందివాళ్లకి ఎక్కడం ఖర్చు, దిగడం ఉచితం. పైన మాత్రం దిగడమే లేదు. 2014లో ఐఎస్‌ఎల్ మొదలైంది మొదలు 2025లో ముగిసిన సీజన్ దాకా అట్టడుగున ఉన్నందుకు ఒక్క జట్టునీ కిందికి పంపలేదు. ఆసియా సమాఖ్య 2019లో కౌలాలంపూర్‌లో ఒప్పించిన పథకం ప్రకారం 2024-25 నుంచి పంపాలి. పంపలేదు. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ కిందికి దిగలేదు గానీ, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీలో తేలింది. మకాం మార్చడమంటే అదీ.

అయినా పిరమిడ్ ఎక్కాలనే అంటాను. ఎక్కకపోతే కాపలా కుర్రాడి ఆట ఆ ఖాళీ జాగాలో, ఫ్యాక్టరీ లేచేదాకానే. ఈ మాట మెట్రోలో అన్నాను. బొమ్మసంద్రకి 2025 ఆగస్టులో పసుపు లైను వచ్చాక సెక్రటరీ గారు సూపర్ డివిజన్ మ్యాచులు చూడ్డానికి ఆర్వీ రోడ్డులో ఆకుపచ్చ లైనుకీ, మెజెస్టిక్‌లో ఊదా లైనుకీ మారి ఎంజీ రోడ్డులో దిగి, అశోక్‌నగర్ స్టేడియానికి నడిచి పోతున్నారు. ఆయన వేలు చూపించి అన్నారు: “ఈ ఎస్కలేటరు చూడు. పైకి పోయేదొకటి, కిందికొచ్చేదొకటి. వాళ్లు కిందికొచ్చేదాన్ని ఆపేసి నన్ను పైకి రమ్మంటాండారు. పైన నిలబడేదానికి జాగా యాడుండాది?”

నాకు జవాబు తోచలేదు. అదే ఏడు హక్కుల ఒప్పందం గొడవతో ఐఎస్‌ఎల్ సీజను వేళకు మొదలవక ఆగిపోయినప్పుడైతే ఆయన్ని పట్టలేకపోయాం. “మనది వాన వస్తే ఆగుతాది. వాళ్లది కాగితం అయిపోతే ఆగింది. ఎవురు పైనుండారు చెప్పు!”

ఇంతలో మా వాళ్లు గెలవడం మొదలుపెట్టారు. ఎవరూ ఊహించలేదు, సెక్రటరీ గారు అసలే ఊహించలేదు. చివరి మ్యాచు గెలిస్తే బి డివిజన్. డ్రా అయితే అవతలి జట్టు పైకి పోతుంది. ఆ ఉదయం ఆయన టీముకి చేసిన హితబోధ: “డ్రా కూడా గౌరవమే నాయనా. స్వల్ప అడ్జస్ట్ మాడి.” ఆట సాగుతున్నంతసేపూ “వెనక్కి రండిరా” అని అరుస్తూనే ఉన్నారు. ఆఖరి నిమిషాల్లో కాపలా కుర్రాడు ముగ్గుర్ని తప్పించి బంతిని వల్లోకి కొట్టాడు. సెక్రటరీ గారు ఆఫీసు బూట్లతో మైదానంలోకి పరుగెత్తి వాణ్ణి ఎత్తుకున్నారు. ఎత్తుకున్నవారు అలాగే ఆగిపోయారు. బి డివిజన్ ఫీజు, రెండో సెట్టు జెర్సీలు, ఇంటావిడ, అటక, ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చినట్టున్నాయి.

కుర్రాణ్ణి దించి ఫైలు తెరిచారు. గీతలు నింపారు. గోలు కొట్టినవాడి రిజిస్ట్రేషన్ ఫారంలో క్లబ్బు సెక్రటరీ సంతకం లేదని, కనుక వాడికి అర్హత లేదని ప్రొటెస్ట్ రాసి, రుసుంతో సహా మ్యాచ్ అధికారికి ఇవ్వబోయారు. గెలిచినవాళ్లు ప్రొటెస్ట్ ఇచ్చే పద్ధతి లేదు, ఓడినవాళ్లే ఇవ్వాలన్నాడాయన.

ఓడిన జట్టు సెక్రటరీ గోల్ వెనక కూర్చుని ఉన్నాడు. ఆయనకీ చంకలో ఫైలు, మెడలో ఈల. పాత స్నేహితులే.

“ఇదో, నేనే రాసినా. రుసుం కూడా నాదే. నువ్వు సంతకం పెట్టి ఇచ్చెయ్. మ్యాచ్ నీది, బి డివిజన్ నీది.”

అవతలాయన కాగితం ఆసాంతం చదివి, మడిచి, తిరిగి మా సెక్రటరీ గారి జేబులోనే కుక్కాడు. “మా వాళ్లు తొంభై నిమిషాలు ఎంత కష్టపడి ఓడినారో చూసినావు కదప్పా. నా కొంప ముంచుతావా?”