నాలుగు డ్రమ్ముల కళ్యాణం

తోటి గృహస్థులారా, ఈ బాధ మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? సోమవారం కలెక్టరాఫీసుకు పోయి అర్జీ ఇద్దామనుకున్నాను. ఎండిన బోరుకు అర్జీ ఉంది, ఆగిన పింఛనుకు అర్జీ ఉంది, పాసుబుక్కులో తప్పుపడిన సర్వే నంబరుకు అర్జీ ఉంది. కన్నకూతురు తన పెండ్లి ఇంటిల్లిపాదీ చేతులతోనే జరగాలంటే కన్నతండ్రి పెట్టుకోదగిన అర్జీ మాత్రం ఈ ప్రజాస్వామ్యంలో ఇంకా అచ్చు కాలేదు. అందుకని మీ ముందుకొచ్చాను. మీరూ ఏమీ చెయ్యలేరనుకోండి.

శ్రావణంలో పెండ్లి. ఫంక్షన్ హాలు వద్దు, కేటరింగు వద్దు, ప్రెస్సులో కొట్టించిన పత్రికలు వద్దు, థర్మాకోలు హంసలు వద్దు, ప్లాస్టిక్ పూలు వద్దు, డీజే వద్దు, నెత్తిమీద తిరిగే డ్రోను వద్దు. ఇన్ని ‘వద్దు’లు వింటే ఏ ఆడపిల్ల తండ్రికి కళ్ళు చెమర్చవు? బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా మా పాప ఎంత పొదుపరో చూశారా అని వీధి వీధంతా చెప్పుకున్నాను. వద్దన్న ప్రతిదానికీ బదులుగా ఇంట్లో ఎవరో ఒకరు నడుం వంచాలన్న సంగతి తరవాత బయటపడింది. పురోహితుడు ఉండాలా అక్కర్లేదా అన్నది ఇంకా చర్చల్లో ఉంది. తండ్రి ఉండి తీరాలన్నది మాత్రం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. నీళ్ళు మొయ్యాలి గదా.

ఇది ఒక్కనాటి ఉపద్రవం కాదు. మొదట స్నానాలగదిలో షాంపూ మాయమై కుంకుడుకాయలొచ్చాయి. ఊరుకున్నాను. పళ్ళపొడి ఇంట్లోనే తయారైంది. వేపపుల్ల నమిలిన వంశం మాది, ఊరుకున్నాను. తరవాత సబ్బు. కొబ్బరినూనెలో కాస్టిక్ సోడా కలిపి, అచ్చుల్లో పోసి, మిద్దెమీద ఆరబెట్టిన ఆ ఇటుకలతో ఒళ్ళు రుద్దుకుని కూడా ఊరుకున్నాను. దానిమ్మ తొక్కలు ఉడకబెట్టి నా తెల్లపంచెకు రంగు వేశారు. ఆ రంగుకు ఇంద్రధనుస్సులో చోటు లేదు. ఇక మా ఆవిడంటారా, కాపురానికొచ్చిన నాటినుంచీ ఊరగాయలు, వడియాలు, పొడులు, పాతచీరల బొంతలు అన్నీ చేతులతోనే చేస్తోంది. అదొక జీవనవిధానమని, దానికి దేశదేశాల్లో అభిమానులున్నారని ఆమెకు ఇన్నేళ్ళూ తెలీదు. కూతురు చెప్పాక తెలిసింది. గౌరవం పెరిగింది, పని తగ్గలేదు.

చేతిపనికి చేతులుంటే చాలనుకుంటారు బెంగళూరువాళ్ళు. కాదు సామీ, చేతిపనికి కావలసింది నీళ్ళు. కాగితం చెయ్యాలంటే నీళ్ళు, రంగు అద్దాలంటే నీళ్ళు, కుండ చెయ్యాలంటే నీళ్ళు, ఇల్లు అలకాలంటే నీళ్ళు. మేమున్నదేమో అనంతపురం. పడమటి నుంచి వచ్చే వానను కనుమలు అవతలే ఆపేసుకుంటాయి. తూర్పు వాన కోస్తాలో కురిసి కురిసి మా దాకా వచ్చేసరికి మబ్బు దగ్గర పలకరింపు తప్ప ఏమీ మిగలదు. ఏడాది మొత్తానికీ 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అదీ లెక్కప్రకారం పడితే. కరువులో జైసల్మేరు తరవాత దేశంలో మనమేనని బడిలో పిల్లలకు చెబుతుంటారు. జాతీయస్థాయిలో మాకొచ్చిన ర్యాంకు అదొక్కటే.

కనుక మా కొళాయిలో పడేవి సామాన్యమైన నీళ్ళు కావు. కర్ణాటకలో హొసపేట పక్కన తుంగభద్ర డ్యాములో బయలుదేరి, ఎగువ కాలువ పట్టుకుని, బండలూ గుట్టలూ దాటి, దారిలో వాటాల జగడాలు దాటి, పెన్న అహోబిలం జలాశయంలో కాస్త అలుపు తీర్చుకుని, పైపులెక్కి ఊళ్ళోకి వచ్చి, మా వీధి వంతు వచ్చిననాడు మా ఇంటి నాలుగు డ్రమ్ముల్లోకి దిగుతాయి. అంతటి తీర్థయాత్ర చేసి వచ్చిన తుంగభద్రమ్మను మా పాప ఏం చేసిందో తెలుసా? పాత పేపర్లు నానబెట్టింది.

శుభలేఖలు ఇంట్లోనే చెయ్యాలట. కాగితాలు చించి, నానబెట్టి, రుబ్బి, గుజ్జుచేసి, జల్లెడలో పోసి, నీళ్ళోడ్చి, ఆ తడిమీదే బంతి విత్తనాలు చల్లి ఆరబెట్టాలి. పెండ్లయ్యాక ఆ పత్రికను మట్టిలో పాతి నీళ్ళు పోస్తే మొలకెత్తుతుంది. ‘రోజూ తప్పకుండా నీరు పోయగలరు’ అని కింద ముద్దుగా రాసింది కూడా. చెనక్కాయ విత్తనం వేసి ఆకాశంకేసి చూస్తున్న చుట్టాలకు ఆ పత్రిక మోసుకుపోయి ఇచ్చే మహద్భాగ్యం నాకు దక్కింది. కళ్యాణదుర్గం పక్కన మా బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చదివి, “పంటకు పోసేకే నీళ్ళు లేవు, పత్రికకు పోయల్లనా బావా?” అన్నాడు. చేతిలో తాంబూలం పెట్టి బస్సెక్కాను.

పూలదండలూ ఇంట్లోనే కట్టాలి. కట్టడానికి అరటినార కావాలి. నార నానాలి. నానడానికి... సరే, మీకు అర్థమైంది. అరటంటే జ్ఞాపకమొచ్చింది, అనంతపురంలో అరటాకులకేం కొదవ అని మీరనవచ్చు. పుట్లూరు, యల్లనూరు, నార్పల తోటల్లో డ్రిప్పు కింద పండిన గెలలు తాడిపత్రిలో రైలెక్కి బొంబాయి రేవుకు పోయి, అక్కణ్ణుంచి ఓడల్లో గల్ఫు దేశాలకు పోయిన మాట నిజమే. ఆకులు కోసుకోనిస్తావా అని ఒక తోటాయన్ని అడిగాను. ఆకు కోస్తే కాయ ఊరదు, ఊరకపోతే ఎగుమతికి తీసుకోరు అన్నాడు. ఎక్కడో ఎడారిలో ఏ షేకుగారో తినబోయే కాయ సైజు కోసం మా చుట్టాలు మోదుగాకుల్లో తినాలి. విస్తర్లు కుట్టే పని ఎవరిదో తేల్చడానికి చీట్లు వేస్తే నా పేరొచ్చింది. చీట్లు రాసింది పాప.

ఇదంతా ఒక ఎత్తు, ప్రభుత్వం చేసిన పని ఒక ఎత్తు. 2022 ఏప్రిల్ 4న మా జిల్లాను రెండు చేశారు. అందువల్ల పాలన ప్రజలకు దగ్గరైందేమో నాకు తెలీదు, పెండ్లి సామాను మాత్రం దూరమైంది. పట్టుచీరల ధర్మవరం అటు పోయింది. మల్లెపూల కదిరి అటు పోయింది. తోలుబొమ్మల నిమ్మలకుంట అటు పోయింది. శివపార్వతుల కళ్యాణమండపమున్న లేపాక్షి సైతం శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది. మాకు గుంతకల్లు జంక్షను మిగిలింది. పేరులోనైనా కళ్యాణం ఉంది గదా అని కళ్యాణదుర్గాన్ని చూసి ఊరట పడుతున్నాం. అక్కడుండేది మా బావ.

ధర్మవరం కథ వినండి. పట్టుచీర తానే నేసుకుంటానని పాప అక్కడికి పోయింది, తోడు నన్ను లాక్కుపోయింది. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన అంతా ఓపిగ్గా విన్నాడు. “నేర్పిస్తాలేమ్మా. మా పిల్లోడు మగ్గం ఎక్కనంటాండాడు. నీ ఉద్యోగం వానికిప్పిచ్చు, నా మగ్గం నువ్వు తీసుకో” అన్నాడు. పాప నవ్వింది. ఆయన నవ్వలేదు. చివరికి చీర కొనుక్కునే వచ్చాం. “చేత్తో నేసిందే గదా నాయనా, ఎవరి చెయ్యైతేనేం?” అంది బస్సులో. ఈ మహత్తర సూత్రం విస్తర్లకూ, పందిరికీ, వంటకూ ఎందుకు వర్తించదని అడిగాను. కిటికీలోంచి బయటికి చూసింది.

ఎప్పుడు నోరెత్తినా ఒకటే మాట, “టింబక్టు కలెక్టివ్ వాళ్ళు చెయ్యలేదా?” అని. చేశారు, కాదన్నదెవరు? 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు కొని, గడ్డి కాలకుండా కాపు కాసి, పడిన నాలుగు చినుకుల్నీ నేలలో ఇంకించి, మోడులు చిగురించేలా చేశారు. ఊళ్ళమ్మట కొర్రలూ సామలూ మళ్ళీ పండించారు. వాళ్ళకు రెండు చేతులెత్తి దండం పెడతాను. కానీ వాళ్ళకు ముహూర్తం ఎవరూ పెట్టలేదు.

కొర్రలంటే గుర్తొచ్చింది, పెండ్లి భోజనం కూడా కొర్రన్నమేనట. కొర్రన్నం, రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి, ఓళిగలు. బెంగళూరు స్నేహితులు ఫోనులోనే లొట్టలు వేశారు. మా అవ్వ మాత్రం గోడకు చేరగిలబడి ఒక పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మా వైపు వరన్నమంటే ఒకప్పుడు పండగకో, పెండ్లికో. మిగతా రోజులన్నీ కొర్రలు, జొన్నలు, రాగులు. అవ్వ చిన్ననాట పొరుగూళ్ళ పెండ్లిళ్ళకు ఎండలో నడిచిపోయింది ఆ తెల్లన్నం కోసమే. “కరువులో తిన్న కూడు పెండ్లిలో పెడతారంట్రా? నా మనమరాలికి ఏమొచ్చిందిరా కరువు?” అంది చివరికి. ఇసుర్రాయి తిప్పీ తిప్పీ అరచేతులు బండబారిన మనిషి ఆమె. పిండిమర వచ్చిననాడు దానికి కొబ్బరికాయ కొట్టిందట. ఇంట్లో ఫంక్షన్ హాలుకు గట్టిగా ఓటేసింది ఇప్పటిదాకా ఆమె ఒక్కతే, అదీ ఏసీ ఉన్నదానికి. పసుపు దంచాలి రావే అవ్వా అని పిలిస్తే చెవుడు తెచ్చుకుంటోంది.

అన్నిటికీ కరువున్నా మాకు గాలికి కరువు లేదు. రామగిరి కొండమీద గాలిమరలు పెట్టినవాళ్ళు పిచ్చివాళ్ళు కారు. వాన తేలేని మేఘాలను తోలుకుపోవడానికే పుట్టినట్టుండే ఆ గాలి సరిగ్గా ఆషాఢ శ్రావణాల్లో దున్నపోతులా మీదికొస్తుంది. షామియానా వద్దన్నారు గనక కొబ్బరిమట్టలు తడిపి (తడపడానికి ఏం కావాలో అడగకండి), అల్లి, గుంజలు పాతి, నమూనాకు ఒక పందిరి వేశాం. తెల్లారి లేచేసరికి అది రెండిళ్ళ అవతల ఒకాయన స్కూటరు మీద కాపురం పెట్టింది. ఆయన స్కూటరు తీసుకుంటే నేను పందిరి తీసుకోవాలి, నేను పందిరి తీసుకుంటే ఆయన అద్దం ఖరీదు ఇవ్వాలి. దౌత్యసంబంధాలు తెగిపోయే దశలో మా ఆవిడ ఓళిగలు పంపింది. చేత్తో చేసినవే.

కొత్త ఊహలొస్తాయని లేపాక్షికి కూడా తీసుకుపోయారు. కప్పు మీది బొమ్మల్లో చీరల అంచులు చూసి ముగ్గులకు వాడుకోవాలట. వాళ్ళు అంచులు చూస్తుంటే నేను కళ్యాణమండపం చూశాను. స్తంభాలున్నాయి, వాటిమీద శివపార్వతుల పెండ్లికి దిగివచ్చిన దేవతలున్నారు, పైకప్పు లేదు. అచ్యుతరాయల కాలంలో కోశాధికారి విరూపణ్ణ కట్టించబోయాడు. అడక్కుండా ఖజానా సొమ్ము వాడాడని రాజు కళ్ళు పీకించమన్నాడట. భటులు వచ్చేదాకా ఎందుకని తానే పీకి గోడకు కొట్టాడట. అవిగో ఆ మరకలు అని చూపిస్తారు. సాక్షాత్తూ పరమేశ్వరుడి పెండ్లికే లెక్క తప్పి మండపం సగంలో ఆగింది. ఆ గోడ ముందు నిలబడి జేబులో ఉన్న ఖర్చుల పుస్తకాన్ని తడుముకున్నాను. “ఏమప్పా, అట్లుండావు?” అని మా ఆవిడ అడిగింది. ఏమీ లేదన్నాను.

కాబోయే అల్లుడు పుస్తకాలు చదివినవాడు, అదింకో కష్టం. మంత్రాలు అర్థం కానప్పుడు ఎందుకు మామా, త్రిపురనేని రామస్వామి చౌదరి ‘వివాహవిధి’ రాసి తెలుగులోనే పెండ్లిళ్ళు జరిపించాడు గదా అంటాడు. సరే, ఒప్పుకున్నాను. మంత్రాలకు నీళ్ళు ఖర్చు కావు. అంతటితో ఆగాడా? 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ మానుకుంటే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మే గోదావరి నుంచి నీళ్ళు మోసి వండిపెట్టింది, ఆమె కంటే మనం గొప్పవాళ్ళమా అని నిలదీశాడు. ఆ తల్లితో నాకు పోటీ లేదు. అయితే ఆమెకు ఊరు సహాయం నిరాకరించింది. మాకు నిరాకరించినవాళ్ళు లేరు, వంటవాళ్ళు రోజూ ఫోను చేసి బతిమాలుతున్నారు. ఇంకోటి, ఆమె ఇంటి దగ్గర గోదావరి ఉంది. మా పెన్నలో బిందె ముంచితే ఇసుక వస్తుంది. అదీ లారీలవాళ్ళు మిగిలిస్తే.

మధ్యేమార్గంగా నేనొక ప్రతిపాదన పెట్టాను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. 30 రోజుల ముందు నోటీసిచ్చి, ముగ్గురు సాక్షుల ఎదుట సంతకాలు చేస్తే దేశం మొత్తం ఒప్పుకునే పెండ్లి అయిపోతుంది. సంతకం కంటే పెద్ద చేతిపని ఏముంది? చుక్క నీరు అక్కర్లేదు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అంతసేపూ చెవుడున్న అవ్వకు ఒక్కసారిగా వినబడి నన్ను తిట్టింది.

పెండ్లిలో ఆడపిల్ల తండ్రికి ఆచారం కేటాయించిన పని ఒకటుంది, అల్లుడి కాళ్ళు కడగడం. ఇన్ని పనుల్లో నా అంతట నేను చెయ్యాలనుకున్నది అదొక్కటే. మా మామ నా కాళ్ళు కడిగిన ఇత్తడి పళ్ళెం చింతపండుతో తోమించి సిద్ధంగా పెట్టుకున్నాను. నిన్న రాత్రి కార్యవర్గం (అంటే పాప, అల్లుడు, ఫోనులో వాళ్ళ స్నేహితులు) సమావేశమై ఆ ఘట్టాన్ని రద్దు చేసింది. మనుషులంతా సమానమైనప్పుడు పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు కడగడమేమిటని తీర్మానం. సమానత్వం మీద నాకు అభ్యంతరమేమీ లేదు. గంభీరంగా లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, ఖర్చుల పుస్తకం తెరిచి, ఆ రోజు తేదీ కింద జమవైపు రాసుకున్నాను.

‘నీళ్ళు, ఒక చెంబు.’