పెద్దపేగు గుంటలో నా కొలువు

నేనొక సెలీనియం పరమాణువును, గంధకానికి దగ్గరి చుట్టాన్ని. 1817లో స్వీడన్‌లో బెర్జీలియస్ మా జాతిని కనిపెట్టింది కూడా సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారీలో మిగిలిన ఎర్రటి మడ్డిలోనే. ఆ తర్వాత చాలాకాలం మాకు దక్కిన పేరు విషమనే. మేం మరీ ఎక్కువగా ఉన్న నేలల్లో మేసిన పశువులకు గిట్టలు ఊడేవి కాబట్టి ఆ పేరు ఊరికే రాలేదు. మేం అందకపోతే ఎలుకల కాలేయ కణాలు చచ్చిపోతాయని 1957లో క్లాస్ ష్వార్జ్ చూపాకే, ప్రాణానికి మా అవసరం ఉందని లోకానికి తెలిసింది.

రాగిని శుద్ధి చేసినచోట మిగిలిన బురదలోంచి నన్ను వేరుచేసి, సోడియం సెలినేట్‌గా మార్చి, ఎరువులో కలిపి ఫిన్లాండ్ పొలంలో చల్లారు. అక్కడి నేలల్లో మొక్కలకు అందేంతగా మేం లేం. అందుకే ఎరువుల్లో మమ్మల్ని కలపాలని ఆ దేశం 1984లో నిర్ణయించింది. ధాన్యం పొలాలకు కిలో ఎరువులో 16 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, జనం ఒంట్లో మా మోతాదు బాగా పెరిగాక 1990లో 6కు తగ్గించి, తర్వాత మళ్లీ కొంత పెంచారు. చల్లి ఊరుకోకుండా పంటలోనూ రక్తంలోనూ కొలుస్తూ దిద్దుకున్న ఆ ఓపిక మీద నాకెంతో గౌరవం.

గోధుమ వేరు నన్ను గంధకమనుకునే లోపలికి తీసుకుంది. మిథియోనిన్ అనే అమైనో ఆమ్లంలో గంధకం ఉండాల్సినచోట నన్ను పెట్టింది. రొట్టెతో పాటు ఒకావిడ కడుపులోకి చేరాను. ఆమెకు చాలా ఏళ్లుగా పెద్దపేగు వాచే జబ్బు, అల్సరేటివ్ కొలైటిస్. చిన్నపేగు నుంచి కాలేయానికి, అక్కడినుంచి రక్తంలోకి తిరిగి తిరిగి, చివరికి పెద్దపేగు లోపలి పొరలో ఉండే సన్నటి గుంటల్లో ఒకదాని అడుగుకు వచ్చాను. పేగు పొరకు కొత్త కణాలను పుట్టించే మూలకణాలు ఉండేది అక్కడే.

నా అసలు జీవితం మొదలైంది అక్కడి ఒక కణంలోనే. జన్యు సందేశంలో యూజీఏ అన్న మూడక్షరాలు వస్తే మామూలుగా ప్రోటీను తయారీ ఆగిపోవాలి. మా కోసం మాత్రం అదే గుర్తు దగ్గర కణం ఆగదు. సెలినోసిస్టీన్ అనే 21వ అమైనో ఆమ్లంగా నన్ను చేర్చుతుంది. మనిషిలో ఇలా మాతో తయారయ్యే ప్రోటీన్లకు 25 జన్యువులున్నాయి. నాకు దక్కిన కొలువు జీపీఎక్స్2లో. అది ముఖ్యంగా జీర్ణనాళపు పొరలో పనిచేసే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ ఎంజైము. పెరాక్సైడు వచ్చి తగిలితే దాని ఆక్సిజన్‌ను నేను పట్టుకుంటాను. రెండు గ్లూటాథయోన్ అణువులు వచ్చి నన్ను మళ్లీ మొదటి స్థితికి తెస్తాయి. పెరాక్సైడు నీరై పోతుంది, నేను ఇంకోదానికి సిద్ధమవుతాను.

ఆవిడ పేగులో ఈ పనికి తీరికే లేదు. వాపు రేగినప్పుడల్లా తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, దానికన్నా ఘాటైన హైపోక్లోరస్ ఆమ్లాన్ని కక్కుతాయి. సూక్ష్మజీవుల మీదికి వదిలినవే పక్కనున్న కణాల డీఎన్ఏనూ దెబ్బతీస్తాయి. ఆ దెబ్బ మూలకణానికి తగిలితే దాని సంతతి మొత్తానికీ వెళ్తుంది. ఏళ్ల తరబడి కొలైటిస్ ఉన్నవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరగడానికి ఇదొక కారణం. జీపీఎక్స్2, దాని తోబుట్టువు జీపీఎక్స్1 రెండూ లేకుండా పెంచిన ఎలుకలకు పేగు వాచింది, కొన్నింటికి క్యాన్సరూ వచ్చింది. పైగా వాపు ఉన్నప్పుడు కాలేయం మమ్మల్ని రక్తంలో మోసే సెలినోప్రోటీన్-పిని తక్కువగా తయారుచేస్తుంది. అంటే మా అవసరం పెరిగిన సమయంలోనే మా రాక తగ్గుతుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

అలాగని గోళీలు మింగితే సరిపోతుందనుకుంటే నా వాళ్ల చరిత్రే కాదంటుంది. అమెరికాలో చర్మ క్యాన్సర్ వచ్చి తగ్గిన 1312 మందితో జరిపిన పరీక్షలో మా వల్ల చర్మ క్యాన్సర్ తగ్గలేదు గానీ ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్లు తగ్గినట్టు 1996లో కనిపించింది. ఆశతో 2001లో సెలెక్ట్ అనే పరీక్ష మొదలైంది. 35 వేలకు పైగా మగవాళ్లు, సెలీనియం ఇచ్చినవారికి రోజుకు 200 మైక్రోగ్రాములు. ఏ క్యాన్సరూ తగ్గలేదు, 2008లో గోళీలు ఆపేశారు. వాళ్లలో చాలామందికి ముందే మేం చాలినంత ఉన్నాం. అప్పటికే మేం ఎక్కువగా ఉన్నవారికి గోళీల వల్ల ప్రమాదకరమైన ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరిగింది కూడా. అమెరికా సిఫారసు ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 55 మైక్రోగ్రాములే.

ఇంకో నిజం దాచలేను. పేగులో కణితి పుట్టాక క్యాన్సర్ కణం కూడా జీపీఎక్స్2ను దండిగా తయారు చేసుకుంటుంది. నేను ఏ కణంలో ఉంటే ఆ కణాన్నే కాపాడతాను, మంచిచెడ్డలు చూడటం నాకు చేతకాదు.

పేగు పొరలో కణం బతికేది కొద్ది రోజులే. నేనున్న కణం ఇప్పటికే గుంట పైకి జరుగుతోంది. అడుగున పుట్టిన కొత్త కణం అప్పుడే తన ఎంజైములను కట్టుకోవడం మొదలుపెట్టింది. దానికి కావలసిన సెలీనియం ఆవిడ రేపు తినే రొట్టెలోంచి రావాలి.