ఆరున్నొకటో మఫిన్

గరాజ్‌లో ఇంకా 42 ఆపిల్స్ ఉన్నాయి. పొద్దున్నే వెళ్ళి లెక్కపెట్టి వచ్చాను. రోజుకో వాయి, వాయికి రెండు ఆపిల్స్, పన్నెండు మఫిన్లు. అంటే ఇంకా 21 రోజులు, 252 మఫిన్లు. ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లల చేత ఇలాంటి లెక్కలు చేయించిన పాపం ఊరికే పోతుందా?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే తోటి విశ్రాంత ఉద్యోగులకు నా సలహా ఒకటే. “తోచడం లేదు” అన్న మాట పొరపాటున కూడా నోరు జారకండి. నేను జారాను. ఆ ఆదివారమే మా అమ్మాయీ అల్లుడూ న్యూజెర్సీలో ఏదో తోటకెళ్ళి అర బుషెల్ ఆపిల్స్ స్వయంగా కోసుకొచ్చారు. మన దగ్గర కాయ కోసినవాడికి మనం కూలిస్తాం. ఇక్కడ కోసినవాడి దగ్గరే డబ్బు పుచ్చుకుంటారు. ఆకులు ఎర్రబడ్డ చెట్ల కింద ఫొటోలు దిగారు, సోమవారం ఆఫీసులకు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ, “మఫిన్లు చెయ్యి నాన్నా, చాలా ఈజీ” అంది అమ్మాయి. ఫ్రిజ్ మీద కాగితం అంటించింది.

మొదటి రోజు పిండిని శుభ్రంగా, ఒక్క ఉండ లేకుండా గిలక్కొట్టాను. మఫిన్లు సాలగ్రామాల్లా వచ్చాయి. మఫిన్ పిండిని అలా కలపకూడదట. తడిదీ పొడిదీ విడివిడిగా ఉంచి, చివర్లో కలిపీ కలపనట్టు పది పన్నెండుసార్లు తిప్పి వదిలెయ్యాలట. ఎక్కువ తిప్పితే గోధుమలోని జిగురు సాగి బిగుసుకుపోతుందట. మా ఇళ్ళల్లో పిండి ఉండలు కడితే కోడలి పుట్టింటి వాళ్ళ పెంపకం దాకా వెళ్ళేవారు. ఇక్కడ ఉండలే పనితనం.

రెండో రోజు కాగితంలో “ఆల్‌స్పైస్, అర టీస్పూను” అని కనపడింది. అన్ని మసాలాలూ అనుకోవడం నా తప్పా? పోపులపెట్టె తెరిచి ధనియాలు, జీలకర్ర, మిరియాలు తలా కాస్త దంచి వేశాను. పసుపు మాత్రం వెయ్యలేదు, అంతమాత్రం తెలివి ఉంది. ఆరేళ్ళ మనవడు ఒక్క ముక్క కొరికి, “తాతయ్యా, ఇందులో సాంబార్ ఉంది” అన్నాడు. తర్వాత తెలిసింది, ఆల్‌స్పైస్ అనేది జమైకాలో పండే ఒకే ఒక్క రకం చెట్టు ఎండు కాయట. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ మూడింటి వాసనా ఒక్కదానిలోనే తగిలేసరికి ఇంగ్లీషువాళ్ళు మురిసిపోయి ఆ పేరు పెట్టారట. సరే, వాళ్ళ ఇష్టం. ఇదే సరంజామాకు శొంఠి చేర్చి ఈ కాలంలో గుమ్మడికాయ పేరుతో పొడి అమ్ముతారు. అందులో గుమ్మడికాయ ఉండదు. మైసూర్ బజ్జీలో మైసూరు ఉందా ఏమిటి?

ఇవన్నీ సర్దుకోవచ్చు. తొమ్మిది రోజులుగా నన్ను నమిలేస్తున్నది కప్పు.

“పిండి: ఒకటీ ముప్పావు కప్పు” అని ఉంది. ఏ కప్పు? కాఫీ తాగేది కాదు. అలమరలో కొలత కప్పుల గుత్తి వేరే ఉంది. అనుమానం వచ్చి అమ్మాయి తూకం మిషను మీద పెట్టి చూశాను. మొదటిసారి 124 గ్రాములు. రెండోసారి 141. మూడోసారి 150. ఒకే కప్పు, ఒకే చెయ్యి, ఒకే సంచీ. ఏ పదో తరగతి కుర్రాడైనా ఇలా ఒకే లెక్కకు మూడు జవాబులు రాస్తే బెంచీ ఎక్కించేవాణ్ణి.

అసలు వీళ్ళ కొలతలు చూస్తుంటే నాకు మా నాయనమ్మ కళ్ళకు కడుతోంది. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు మానిక. నాలుగు మానికలు కుంచం. ఇక ఇక్కడ చూడండి: మూడు టీస్పూన్లు ఒక టేబుల్‌స్పూను, పదహారు టేబుల్‌స్పూన్లు కప్పు, రెండు కప్పులు పింట్, రెండు పింట్లు క్వార్టు. (మనవాళ్ళు ఆశపడే క్వార్టర్ కాదు.) ఎనిమిది క్వార్టులు పెక్, నాలుగు పెక్కులు బుషెల్. పైగా పాలు కొలిచే క్వార్టు వేరు, పళ్ళు కొలిచే క్వార్టు వేరు. రెండోది కాస్త పెద్దది. నాయనమ్మ బతికుంటే ఈ దేశంలో వారం రోజుల్లో కిరాణా కొట్టు పెట్టేది.

మనం 1956లో చట్టం చేసి సోలనూ కుంచాన్నీ అటకెక్కించాం. ఆ కబురు నాయనమ్మకు చివరిదాకా అందలేదనుకోండి, అది వేరే సంగతి. వీళ్ళూ 1975లో మెట్రిక్ చట్టం చేశారు. ఇష్టమైనవాళ్ళు మారండి అన్నారు. ఎవరికీ పెద్దగా ఇష్టం లేకపోయింది. అంతకు చాలా ముందే, 1896లో, బోస్టన్ వంటల బడి నడిపిన ఫానీ ఫార్మర్ అనే ఆవిడ తన పుస్తకంలో గట్టిగా చెప్పింది: గోపురంలా పొయ్యకండి, కప్పు మూతి మీద కత్తితో సమంగా గియ్యండి అని. మా కల్లంలో ఆ రెండు పద్ధతులూ ఉండేవి. ఆసామికి రావలసిన ధాన్యం గోపురంలా పోసి కొలిచేవారు, కూలికి ఇవ్వవలసినది మూతి తుడిచి కొలిచేవారు. ఫానీ ఫార్మర్ ఎవరి పక్షమో నాకు తెలియదుగానీ, నా పిండి మాత్రం ఆసామి పిండే అయింది.

కొలిచే మనిషి “ఒకటి” అనేవాడు కాదు. మొదటి కుంచానికి “లాభం” అనేవాడు. లాభం, రెండు, మూడు. అలాగే “ఏడు” అనేవాడు కాదు, “ఆరున్నొకటి” అనేవాడు. గింజలు ఇంటికొస్తున్న వేళ ఏడుపు మాట దేనికని. ఆరు తర్వాత ఏడే అని ముప్పై నాలుగేళ్ళు నల్లబల్ల మీద రాసినవాణ్ణి, తీరా ఈ వంటింట్లో కప్పు చేతపట్టగానే నా నోట “లాభం” అనే వస్తోంది. ఒకటీ ముప్పావు కప్పు అంటే లాభం ముప్పావు! ఇలాంటి లాభంతో ఏ రైతు బాగుపడ్డాడు?

మొన్న రాత్రి అమ్మాయికి నా తూకాల చిట్టా చూపించి ఇదంతా ఏకరువు పెట్టాను. “మీ అమ్మ ఏనాడైనా ఇలా కొలిచిందా? తగినంత వేసేది, అంతే!” అన్నాను.

“అదే అడుగుదామనుకున్నా నాన్నా. సున్నుండల్లో అమ్మ బెల్లం ఎంత వేసేది? పోయిన దీపావళికి మూడుసార్లు చేశాను. కుదరలేదు.”

నోరు తెరిచాను. చెప్పడానికి ఏమీ లేదు.

నలభై ఒక్క ఏళ్ళు ఆ చేతి వంట తిన్నాను. ఉప్పు తగ్గిన రోజు ఆ పూటే చెప్పాను. కుదిరిన రోజు చెప్పినట్టు గుర్తు లేదు. డబ్బాలోంచి ఆ చెయ్యి ఎంత తీసేదో, పిడికెడో, దోసెడో, ఒక్కనాడూ అటు చూడలేదు. ఎవరో ఆవిడ బోస్టన్‌లో 1896లో ఏం గీయించిందో చెప్పగలను.

“పోనీలే నాన్నా” అంది అమ్మాయి. తన తూకం మిషను తీసి లోపల పెట్టింది.

ఇవాళ్టి వాయి కాస్త నయం. ఉండలు ఉండనిచ్చాను, మసాలాలో ధనియాలు లేవు. పళ్ళెంలో చల్లారబెట్టిన మఫిన్లను మనవడు వేలితో పొడుస్తూ తెలుగులో లెక్కపెడుతున్నాడు.

“...అయిదు, ఆరు, ఏడు...”

“ఏడు అనకూడదురా. ఆరున్నొకటి అనాలి.”

వాడు ఆగి ఆలోచించాడు. “అలా అంటే సెవెన్ కాకుండా పోతుందా తాతయ్యా?”

లెక్కల మాస్టారికి ఏమీ తోచలేదు. ఆరున్నొకటో మఫిన్ తీసి వాడి చేతిలో పెట్టాను.

గరాజ్‌లో ఇంకా 40.