ఉపన్యాసానికి రికవరీ ఎంత?

మా కోటగిరి ఉన్నది నిజామాబాద్ జిల్లాలో. ఎమ్మెల్యే ఓటు బాన్సువాడకు, ఎంపీ ఓటు జహీరాబాదుకు. అందుకే ఎన్నికలొస్తే మా ఊళ్లో బండి దిగిన నాయకుడు ముందు తానెక్కడున్నాడో పక్కవాణ్ని మెల్లగా అడిగి, ఆ తర్వాతే మైకు అందుకుని "నేను ఈ మట్టి బిడ్డను" అంటాడు.

మట్టి అయ్యాక వరుసలు. ముసలమ్మలంతా ఆయనకు తల్లులు, రైతులంతా అన్నలు. ఒక వాడలో సలాం, మంజీర అవతల చుట్టాలున్న వాడలో రామ్ రామ్, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల క్యాంపుల్లో "బాగున్నారా అండీ". పొద్దుగూకేలోపు మూడు మర్యాదలూ ముగించుకుని నాలుగో ఊరికి పోతాడు.

సుమారు 2,300 ఏండ్ల కింద గ్రీకు దేశంలో అరిస్టాటిల్ అనే పెద్దమనిషి ఈ విద్యకు శాస్త్రం రాశాడు. జనం మాట నమ్మాలంటే మాట్లాడేవాడిలో మూడు కనిపించాలట: తెలివి, మంచి నడత, వినేవాళ్ల మేలు కోరే మనసు. ఇందులో "కనిపించాలి" అన్న ముక్కను మనవాళ్లు గట్టిగా పట్టుకున్నారు. తెలివికి కోట్లలో లెక్కలు, నడతకు తెల్లంగీ, మేలు కోరే మనసుకు మోకాలి దాకా బురదలో దిగి నాటేస్తున్న ఫొటో.

చాయ్ హోటల్లో కూర్చునే మా కాక మాత్రం అరిస్టాటిల్‌ను చదవలేదు. ముప్పై ఏండ్లు బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు తోలినవాడు. సభలో చప్పట్లు మోగుతుంటే ఆయనది ఒకటే ప్రశ్న: "మస్తు మాట్లాడిండు గని, రికవరీ ఎంత?"

చెరుకు ఊళ్లలో ఈ మాట చిన్న పిల్లలకూ తెలుసు. టన్ను చెరుకు ఆడిస్తే వంద కిలోల చక్కెర వచ్చిందనుకోండి, రికవరీ పది శాతం. ఎత్తు చూసి మురిసిపోతే లాభం లేదు, నిలువెత్తు చెరుకులో ఒట్టి నీళ్లే ఉండొచ్చు. కొట్టి ఎండలో పడేస్తే ఉన్న చక్కెరా పోతుంది.

కాక కాటా మీద మొదట ఆ ఫ్యాక్టరీనే పెడదాం. నిజాం కాలంలో పుట్టింది, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. 2002లో తెలుగుదేశం ప్రభుత్వం 51 శాతం వాటా ప్రైవేటుకిచ్చింది, బాగుపడుతుందన్నారు. 2014లో టీఆర్ఎస్ వెనక్కి తీసుకుంటామంది, 2015 డిసెంబరులో తాళం పడింది. 2023లో కాంగ్రెస్ తెరిపిస్తామంది, 2024 జనవరిలో కమిటీ వేసింది. తాళం పోతే ఎవరైనా తాళాలు బాగుచేసేవాణ్ని పిలుస్తారు, ప్రభుత్వాలు కమిటీని పిలుస్తాయి. మూడు రంగుల కండువాలు ఆడించినా కాక గ్లాసులోకి చెంచాడు చక్కెర రాలేదు.

ఒట్టి మాటకు అప్పు పుట్టకపోతే ఏం చేస్తాం? కాగితం రాసిస్తాం. 2019లో నిజామాబాద్ బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ అదే చేశారు. గెలిచిన ఐదు రోజుల్లో పసుపు బోర్డు, తేలేకపోతే రాజీనామా అని బాండు పేపరు మీద రాసిచ్చారు. గెలిచారు. ఐదు రోజులు గడిచాయి. 2023 అక్టోబరు 1న ప్రధాని మహబూబ్‌నగర్ సభలో బోర్డును ప్రకటించారు. 2025 సంక్రాంతికి నిజామాబాద్‌లో అది మొదలైంది. బోర్డు వచ్చింది గనుక సున్నా వేయలేం. రాజీనామా రాలేదు గనుక పూర్తి మార్కులూ వేయలేం. కాక ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఐదు రోజులకు కొట్టాల్సిన చెరుకు ఐదేండ్లు దాటినంక కొట్టిండ్రు."

ఆ ఎన్నికలోనే మైకు లేని ఉపన్యాసం ఒకటి జరిగింది. పసుపుకూ ఎర్రజొన్నకూ ధర అడిగి అడిగి విసిగిన రైతులు 178 మంది నామినేషన్లు వేసి బరిలో నిలబడ్డారు. పోటీలో మొత్తం 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పరచాల్సి వచ్చింది. పోటీకి డిపాజిట్ 25,000 రూపాయలు. అది తిరిగి రాదని తెలిసే కట్టారు. వాళ్లు మట్టి బిడ్డలమని చెప్పుకోలేదు, ఎవరినీ తల్లీ అని పిలవలేదు. అయినా దేశమంతా విన్నది.

"మాట తప్పితే వాడి జేబుకెళ్లి ఏం పోతదో చూడు. ఏం పోకుంటే అది మాట గాదు, పాట" అంటాడు కాక.

"మరి ఇన్నేండ్ల ఉపన్యాసాలు ఎటు పోయినయ్ కాకా?" అన్నాను.

"చెరుకు పిండినంక పిప్పి ఏడికి పోతది?"

"బాయిలర్లకు."

"గంతే. పోయిన ఎలక్షన్ పిప్పితోనే వచ్చే ఎలక్షన్ మంట పెడ్తరు" అని, చక్కెర లేని చాయ్ మరొకటి చెప్పాడు. ఆయనకు షుగరు. ఈ ఇలాకాలో చక్కెర తయారవుతున్నది ఇప్పుడు ఆయన ఒంట్లోనే.