లేచే ఉంది!
సాఫ్ట్‌వేర్ ఆఫీసన్నాక ఒక సర్వర్ల బాబాయ్ ఉంటాడు. మాదాపూర్‌లో మరీను. మనం పొద్దున్నే టీ తాగుతూ పేపరు తిరగేస్తే, ఆయన నల్ల తెర మీద ‘అప్‌టైమ్’ అని కొట్టి రోజులు చూసుకుంటాడు.

“412 రోజులు! ఒక్క రీబూట్ లేదు.”

మనవడికి ఇంతవరకు ఒక్క సూదైనా వేయించలేదని చెప్పుకునే తాతగారి గొంతు అది. పోలిక ఊరికే అనలేదు. అన్నాళ్లు రీబూట్ లేదంటే మామూలుగా అన్నాళ్లుగా కొత్త కెర్నల్ ఎక్కలేదనీ, టీకాలన్నీ బాకీ అనీ అర్థం. సెక్యూరిటీ కుర్రాడు ఆ మాటెత్తితే, “నడిచే బండికి బానెట్ ఎత్తుతారా నాన్నా?” అంటాడు.

బాబాయ్‌కి తీరని దుఃఖం ఒక్కటే. పాత 32 బిట్ లైనక్స్‌లో సెకనుకి వంద టిక్కుల చొప్పున లెక్కపెట్టే డబ్బా 497 రోజులకి నిండిపోయి, అంకె మళ్లీ సున్నాకొచ్చేది. మిషన్ ఆగలేదు, పరువు మాత్రం పోయింది. ఆ రోజు ఆయన క్యారియర్ విప్పలేదట.

ఇక లాగ్ ఫైళ్లు, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలు. వాటిని వారానికోసారి మడిచిపెట్టి, నాలుగు వారాలవి ఉంచి, పాతవి పారేయడానికి లాగ్‌రొటేట్ అని ఒకటుంది. చాలా లైనక్స్‌లలో ఆ అమరిక ముందే చేసి ఉంటుంది. బాబాయ్ ఆ నాలుగుని నాలుగొందలు చేశాడు. “ఎప్పుడు ఏది అవసరపడుతుందో!” అటక నిండా ఖాళీ హార్లిక్స్ సీసాలు దాచిన మా అమ్మమ్మ కూడా అచ్చం ఇదే మాట అనేది. ఆ సీసాల్లో ఆవకాయైనా పెట్టుకున్నాం. మూడేళ్ల కిందటి లాగ్‌లో ఏం పెట్టుకుంటాం?

ఒక రాత్రి వర్చువల్ మిషన్ డిస్కు నూటికి నూరూ నిండింది. రాయడానికి చోటు లేక డేటాబేసు చతికిలబడింది. బాబాయ్ గుండె రాయి చేసుకుని 30 జీబీల లాగ్ ఒకటి చెరిపేశాడు. డిస్కులో చోటెంతుందో చెప్పే ‘డీఎఫ్’ కొట్టి చూస్తే డిస్కు ఇంకా నిండే ఉంది! పేరు చెరిగినా, ఆ ఫైల్‌ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రామ్ వదిలేదాకా చోటు రాదు. టూలెట్ బోర్డు పెట్టినంత మాత్రాన అద్దెవాడు కదులుతాడా?

“సర్వీసు రీస్టార్ట్ చేస్తే సరి బాబాయ్,” అన్నాను.

“సర్వీసేగా? మిషన్ కాదుగా?” రెండుసార్లు అడిగి, నా చేత ఒట్టు వేయించుకుని మరీ ఎంటర్ నొక్కాడు.

కస్టమర్‌కి రాసిచ్చింది 99.9 శాతం. అంటే ఏడాది మొత్తానికి 8 గంటల 45 నిమిషాలు ఆగొచ్చు. ఆ ఒక్క రాత్రే ఆరు గంటలు హరీమన్నాయి. తెల్లారకుండానే మేనేజర్ ఫోను. “సైట్ ఎందుకు పడిపోయిందండీ?”

“సైట్ సంగతి డెవలపర్లని అడగండి సార్,” అన్నాడు బాబాయ్, తెర వైపు ఓసారి చూసుకుని. “సర్వర్ మాత్రం లేచే ఉంది. 413.”