సమైక్యతకు వేరే బంతి

కార్తీకమాసం వస్తే చాలు, బెజవాడలో జాతీయ సమైక్యత మీద ఉపన్యాసాలకు కరువుండదు. కృష్ణ ఒడ్డున తోటలన్నీ ఆదివారాలకు ముందే బుక్కైపోతాయి. ఈ తోటలో ఒక కులం వనభోజనం, గోడ అవతల ఇంకో కులానిది. టికెట్టు లేదు, ఇంటిపేరు చాలు. ఉసిరిచెట్టు కింద తింటే పుణ్యమన్నారు పెద్దలు. పక్క విస్తరి ఎవరిదో ఆరా తీస్తే పుణ్యం రెట్టింపవుతుందని ఎవరన్నారో మరి!

భోజనాలకు ముందు నాయకుడు మైకందుకుంటాడు. ‘మనమంతా ముందు భారతీయులం, ఆ తర్వాతే ఏదైనా’ అంటాడు. చప్పట్లు. గొంతు సవరించుకుని, ‘ఈసారి మనవాళ్ళకి ఎన్ని సీట్లిస్తారో ఇప్పుడే తేల్చుకోవాలి’ అంటాడు. ఈసారి చప్పట్లతోపాటు ఈలలు కూడా. పనసపొట్టు కూర వడ్డించే క్యాటరింగు కుర్రాళ్ళు మాత్రం బకెట్లు పట్టుకుని వరస వెంట నడిచిపోతుంటారు. వాళ్ళది ఏ కులమో ఎవరూ అడగరు. ఆకలి వేళకి ఆ పట్టింపు ఉండదు కాబోలు.

నిజానికి ఈ ఊరి జాతకం వేరు. 1921లో కాంగ్రెస్ కమిటీ సమావేశాలకు గాంధీ వచ్చినప్పుడు భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య జెండా నమూనా ఆయన చేతికిచ్చింది ఇక్కడే. దేశమంతటా బడిపిల్లలు చెయ్యి చాచి చెప్పే ప్రతిజ్ఞను 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు రాసిందీ తెలుగులోనే. దేశాన్ని కలిపి కుట్టే దారం మన దగ్గరే తయారైంది. సరుకంతా ఎగుమతికే, ఇంట్లో వాడకం లేదు.

‘కులసంఘం పేదపిల్లల్ని చదివిస్తుంది, దేశం చదివిస్తుందా?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఊరుగాని ఊళ్ళో గది దొరకని రోజుల్లో కులం హాస్టళ్ళు ఎందరినో చదివించాయి. ఉద్యోగాలొచ్చాయి, అమెరికాలు వెళ్ళాం. హాస్టలు మాత్రం ఖాళీ చెయ్యలేదు.

పౌరులమన్న బంధం పలచనిది, పనికిరాదు అనేవాళ్ళు 2024 సెప్టెంబరు తలుచుకోవాలి. బుడమేరు వాగు పొంగి ఈ ఊళ్ళోనే సింగ్ నగర్ మునిగినప్పుడు, మేడమీంచి పులిహోర పొట్లానికి చెయ్యి చాచినవాడు ‘మనవాళ్ళు కట్టిందేనా’ అన్నాడా? నీళ్ళు తీశాయి, కార్తీకం వచ్చింది, ఫ్లెక్సీలు లేచాయి.

ఇదంతా సరదా వ్యవహారమే కదా అంటే, ఇదే డెల్టాలో తెనాలి దగ్గర చుండూరుంది. సినిమాహాల్లో కాలు తగిలిందన్న తగాదా ముదిరి, 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు శిక్షలు వేసినవాళ్ళను 2014లో హైకోర్టు నిర్దోషులంది. మనమంతా భారతీయులమన్న మాట ఆ హాల్లో రెండు కుర్చీల మధ్య కూడా పట్టలేదు.

వేరే దారి చూపినవాళ్ళూ ఉన్నారు. బెజవాడ పటమటలో సంఘ సంస్కర్త గోరా పెట్టిన నాస్తిక కేంద్రం ఇప్పటికీ ఉంది. ఆయన అన్ని కులాలనూ ఒకే బంతిలో కూర్చోబెట్టారు. ఆయన కూతురు మనోరమకు, దళితుడైన అర్జునరావుకు 1948లో సేవాగ్రామంలో పెళ్ళి జరిగింది. మన నాయకులకు గోరా అంటే మహా గౌరవం. విగ్రహానికి దండ వేసేంత, వియ్యమందనంత.

వచ్చే కార్తీకంలో మీ సంఘం ఫ్లెక్సీ మీద కులం పేరు కొట్టేయించి వీధి పేరు రాయించండి. ఊడ్చే మనిషినీ వాచ్‌మన్‌నీ కూడా బంతికి పిలవండి. ఆ రోజు ఏ నాయకుడికి ఏ అర్జెంటు పని తగులుతుందో మీరే చూద్దురుగాని.